తగిలితే ఇంటికి, తగలకపోతే బడికి

చిత్తూరు జిల్లా నుంచి ఒక ప్రధానోపాధ్యాయురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయట పెట్టవద్దని కోరారు. అందుకే గుర్తుపట్టగల వివరాలు వదిలేసి, విషయం మాత్రం చెదరకుండా చెబుతున్నాను.

ఆమె పనిచేసే ప్రాథమిక పాఠశాల అత్తగారి ఊళ్లోనే ఉంది. బడికి రోడ్డు వైపు ప్రహరీ గోడ లేదు. మామిడికాయల కాలం వస్తే గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలే ట్రాక్టర్లు, లారీలు బడి ముందునుంచే పోతుంటాయి. బంతి రోడ్డు మీదికి దొర్లిన ప్రతిసారీ తన గుండె ఆగినంత పని అవుతుందని రాశారు. ప్రహరీకీ, పుస్తకాలు పెట్టుకోవడానికి ఒక చిన్న గదికీ కలిపి ఆరు లక్షలు అవుతుందని మేస్త్రీ లెక్క చెప్పాడు. అర్జీలు పెట్టి రెండేళ్లయింది.

ఆ బడిలోనే చదువుకున్న ఆమె మరిది ఇప్పుడు అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో ఉంటున్నాడు. సంక్రాంతికి వచ్చి, బడి చూసి, లక్కీ డ్రా పెడదామన్నాడు. టికెట్టు 200 రూపాయలు, మొత్తం 5,000 టికెట్లు. మొదటి బహుమతి స్కూటర్, ఆ తరువాత ఫ్రిజ్, టీవీ, కుక్కర్లు. బహుమతులకు 4 లక్షలు, అచ్చుకూ అమ్మినవాళ్ల కమీషన్‌కూ 50 వేలు పోతే ఐదున్నర లక్షలు మిగులుతుంది. బహుమతులు కొనే 4 లక్షలు ముందు తాను పెట్టి తరువాత తీసుకుంటానని, చివర్లో తగ్గే 50 వేలు మాత్రం తన చందాగా ఇస్తానని చెప్పాడు. ఈమె వద్దంటే, "వదినా, మా జార్జియాలో పిల్లల చదువుకు డబ్బు లాటరీ నుంచే వస్తుంది. మా అమ్మాయి కాలేజీ ఫీజు దానితోనే కడుతున్నాం. అక్కడ ప్రభుత్వమే చేస్తున్న పనికి ఇక్కడ తప్పేముంది?" అన్నాడు. భర్త తమ్ముడివైపే ఉన్నారు. "కేరళ ప్రభుత్వం నడపడం లేదా?" అన్నది ఆయన ప్రశ్న. విద్యా కమిటీ కూడా సరేనంది. టికెట్ల పుస్తకాలు అచ్చయి వచ్చాయి, 46 అమ్ముడయ్యాయి.

తాను ఎందుకు వద్దంటున్నదీ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమె తండ్రి చిత్తూరులో ఒక బట్టల కొట్టులో గుమాస్తా. ఆదివారమైతే బస్సెక్కి వేలూరు వెళ్లి లాటరీ టికెట్లు కొనేవారు. "తగిలితే ఇంటికి, తగలకపోతే దేశానికి" అని అరవంలో అంటూ నవ్వేవారట. అరెకరం పొలం, తల్లి మెడలోని గొలుసు అలా పోయాయి. 1999లో భార్య ఆయనను కాణిపాకం తీసుకెళ్లి వినాయకుడి ముందు ప్రమాణం చేయించింది. ఆ తరువాత ఆయన టికెట్టు ముట్టలేదు. పోయాక ట్రంకు పెట్టె తెరిస్తే రబ్బరు బ్యాండు వేసిన కట్టలు దొరికాయి. ఒక్కో టికెట్టు వెనుక నీలం సిరాతో తేదీ, దాని కింద "తగలలేదు" అనే మాట. పెళ్లికి ముందు ఈ సంగతి అత్తవారికి చెప్పవద్దని తల్లి మాట తీసుకుంది.

చివరి పేజీలో ఇలా రాశారు: "మూడో తరగతి పాప ఒకతె నా కుర్చీ దగ్గరికి వచ్చి, 'టీచర్, మా అమ్మ రెండు టికెట్లు కొంది, బండి మాకే వస్తుందా?' అని అడిగింది. వాళ్లమ్మ తోటల్లో కూలికి వెళుతుంది. నేను జవాబు చెప్పలేకపోయాను. మా నాన్న మీది బాధతో ఇంతమంది పిల్లలకు గోడ అందకుండా చేస్తున్నానా? నా మరిది చెప్పింది నిజమేనా? నేనేం చేయాలి?"

టీచరుగారూ,

ముందుగా మీ మరిది మాట తీసుకుందాం. అది నిజమే. దాన్ని అబద్ధమని తోసేస్తే ఇంట్లో మీ మాటకు విలువ ఉండదు.

అమెరికాలో ఈ కాలపు ప్రభుత్వ లాటరీ మొదట వచ్చింది న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో, 1964లో. చదువుకు డబ్బు కావాలనే మొదలుపెట్టారు. తరువాత ఒక్కొక్క రాష్ట్రమే అదే దారి పట్టింది. జార్జియా 1993లో పట్టింది. అక్కడ లాటరీ మీద మిగిలిన సొమ్ము చదువుకే పోవాలి. కాలేజీ పిల్లలకు హోప్ అనే ఉపకారవేతనం, నాలుగేళ్ల పసివాళ్లకు ఉచితంగా బడి, ఈ రెండూ దానితోనే నడుస్తాయి. బాగా చదివి మార్కులు నిలబెట్టుకున్న పిల్లలు లక్షలమంది దీనివల్ల కాలేజీ చదివారు. మీ మరిది కూతురు కూడా వాళ్లలో ఒకతె. ఆ అమ్మాయి తన మార్కులతో సంపాదించుకున్నది అది, అందులో చిన్నతనం ఏమీ లేదు.

అయితే ఆయన చెప్పని సగం కూడా ఉంది. బహుశా ఆయన కంటపడలేదేమో. ఆ లాటరీలో టికెట్టు మీద వచ్చిన ప్రతి డాలరూ బడికి చేరదు. ఎక్కువ భాగం బహుమతులకు, కొంత అమ్మినవాళ్లకు, కొంత నిర్వహణకు పోతుంది. చదువుకు చేరేది నాలుగో వంతు, అంతకు కొంచెం ఎక్కువ. ఆ టికెట్లు ఎవరు కొంటారన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. అక్కడి పరిశోధకులు ఏళ్ల తరబడి చూసి చెప్పేదేమిటంటే, తమ రాబడిలో ఎక్కువ వంతు లాటరీకి పెట్టేది తక్కువ సంపాదన ఉన్న ఇళ్లవాళ్లు. హోప్ సొమ్ము ఎక్కువగా అందేది కాస్త కలిగిన ఇళ్ల పిల్లలకు. ఎందుకంటే మంచి మార్కులు, కాలేజీదాకా నిలవగల స్థోమత ఆ ఇళ్లలోనే ఎక్కువ. మొదట్లో హోప్‌కు కుటుంబ ఆదాయం మీద పరిమితి ఉండేది. 1995లో అదీ తీసేశారు. కూలివాడి డాలరు ఇంజనీరు బిడ్డ ఫీజుగా మారుతున్నదన్నమాట. మీ మరిదిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ ఏర్పాటు ఆయన చేసింది కాదు. కానీ "అక్కడ చేస్తున్నారు కదా" అనేవాళ్లు ఇది తెలిసి అనాలి.

మరో చిక్కు ఉంది. లాటరీ డబ్బు వస్తున్నదని తెలిస్తే, ఖజానానుంచి బడికి పోవలసిన డబ్బును పాలకులు మెల్లగా వేరే పనులకు మళ్లిస్తారు. ఫ్లోరిడాలో దశాబ్దాలుగా వినిపిస్తున్న ఫిర్యాదు ఇదే. కాలిఫోర్నియాలో బడుల ఖర్చులో లాటరీ వాటా దాదాపు ఒక్క శాతమే, అయినా బడులను లాటరీయే పోషిస్తున్నదని నమ్మేవాళ్లు అక్కడ తక్కువేమీ కాదు. పైగా టికెట్ల అమ్మకం పిల్లల సంఖ్యతోపాటు పెరగదు. 2011లో డబ్బు చాలక జార్జియాలోనే హోప్‌ను కోశారు. 2023లో మళ్లీ పూర్తి ఫీజుకు తెచ్చారు. ఆ మధ్య పన్నెండేళ్లలో కాలేజీలో చేరి, చేతినుంచి కట్టుకున్న పిల్లలూ ఉన్నారు.

మీవారి కేరళ ప్రశ్నకు చిన్న జవాబు చాలు. 1967లో ప్రైవేటు లాటరీలను ఆపి ప్రభుత్వమే ఆ పనికి దిగింది. దివ్యాంగులెందరికో టికెట్లమ్మే ఉపాధి వచ్చింది. 2011లో పేదల వైద్యానికని కారుణ్య లాటరీ వచ్చింది. ఇదంతా ఒక శాఖ, ఒక చట్టం, ఒక ఆడిట్ కింద జరుగుతుంది. కేరళ బడులు అంత బాగుండడానికి కారణం మాత్రం లాటరీ కాదు. ప్రభుత్వాలు, సమాజం తరాల తరబడి చదువుమీద పెట్టిన ఖర్చు అది.

ఇక మీ నాన్నగారి మాట దగ్గరికి వస్తాను. "తగిలితే ఇంటికి, తగలకపోతే దేశానికి" అన్నది 1968లో తమిళనాట అణ్ణాదురై ప్రభుత్వం లాటరీ మొదలుపెట్టినప్పుడు వాడుకలోకి వచ్చిన మాట. మీ మరిది ఇప్పుడు అంటున్నదీ అదే, దేశానికి బదులు బడికి అంటున్నారు. ఆ మాట పోగొట్టుకున్నవాడికి ఓదార్పు ఇస్తుంది. పోయినా మంచిపనికే పోయిందిలే అనిపిస్తుంది. ఆ ఓదార్పే వచ్చే ఆదివారం మళ్లీ బస్సెక్కిస్తుంది. ఆ మాట పుట్టిన రాష్ట్రమే 2003లో లాటరీని నిషేధించింది. అప్పటికి ఎన్ని ఇళ్లు మీ ఇల్లులా అయ్యాయో!

కాబట్టి మీ నాన్నగారి వల్ల కలిగిన బాధ మీ కళ్లకు అడ్డం పడుతున్నదని నేను అనుకోవడం లేదు. దానివల్లే మిగతావాళ్లకు కనపడనిది మీకు కనపడుతున్నది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. సరదాగా ఒక్క టికెట్టు కొని మరిచిపోయేవాళ్లే ఎక్కువమంది. ఊళ్లో ఒక్కసారి జరిగే డ్రా, మీ నాన్నగారి పదేళ్ల వ్యసనం ఒకటి కావు. కమిటీవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ రెండింటినీ ఒకటి చేసి మాట్లాడకండి, ఎదురుతిరుగుతారు.

మీ ఊరి లెక్క చూడండి. మీ ఊళ్లోనూ పక్క పల్లెల్లోనూ కలిపి 700 ఇళ్లున్నాయని రాశారు. 5,000 టికెట్లు అమ్ముడుపోవాలంటే ఇంటికి ఏడు టికెట్లు, అంటే 1,400 రూపాయలు. తోటలో కూలికి వెళ్లే ఇంటికి అది నాలుగైదు రోజుల సంపాదన. ఉన్న ఇల్లూ లేని ఇల్లూ ఒకే లెక్క. పది లక్షలు జనం చేతుల్లోనుంచి తీస్తే గోడకు చేరేది ఐదున్నర. స్కూటర్ ఒక్కరికి వస్తుంది. ఆ పాప తల్లి 400 పెట్టింది. ఆమెకు స్కూటర్ రావడానికి ఉన్న అవకాశం 5,000లో రెండు.

నేను మీ లెక్కల కాగితాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక అంకె దగ్గర ఆగిపోయాను. బహుమతులు కొనడానికి మీ మరిది దగ్గర 4 లక్షలు ఇప్పుడే సిద్ధంగా ఉన్నాయి. ఇస్తానన్న 50 వేలు కలిపితే నాలుగున్నర. గోడకూ గదికీ కావలసింది ఆరు. అంటే లోటు లక్షన్నర. ఆ లక్షన్నర కోసం ఊరినుంచి పది లక్షలు వసూలు చేయబోతున్నారు! ఆయన ఆ 4 లక్షలు తిరిగి తీసుకునే లెక్కలో పెట్టారని తెలుసు. ఇవ్వగలరో లేదో ఆయనకే తెలుసు, అమెరికాలో ఉన్నంతమాత్రాన ఇంటి అప్పు, పిల్లల ఖర్చు లేకుండా పోవు. కానీ ఈ ప్రశ్న ఆయనను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఎందుకంటే రేపు సమాధానం చెప్పవలసింది మీరు. 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టం ప్రభుత్వాలు నడిపే లాటరీలకోసమే. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ డ్రా తీయడానికి చోటు నడిపితే భారతీయ న్యాయ సంహితలో 297వ సెక్షను కింద ఆరు నెలలదాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఫలానా టికెట్టుకు ఫలానా వస్తువు అని ప్రకటన వేసినా జరిమానా ఉంది. గోడ కోసమన్న మంచి ఉద్దేశం ఈ సెక్షనులో మినహాయింపు కాదు. వినాయక చవితి పందిళ్ల దగ్గర లక్కీ డ్రాలు చూస్తూనే ఉంటాం, ఎవరూ పట్టించుకోకపోవచ్చు. కానీ పందిరి నిర్వాహకుడికి సర్వీసు రిజిస్టరు లేదు, మీకుంది. ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడమే నియమాలకు విరుద్ధం. టికెట్టు మీద బడి పేరుంది. ఏదైనా తేడా వస్తే కమిటీ సభ్యులు ఎవరి ఇళ్లకు వాళ్లు వెళతారు, సంజాయిషీ కాగితం మాత్రం మీ బల్ల మీదికి వస్తుంది.

ఇక మీరు చేయగలిగినవి.

మీరు పక్కకు తప్పుకొని, బడి పేరు తీసేసి, ఊరివాళ్లు చేసుకుంటే చేసుకోనీ అనవచ్చు. ఇంట్లో గొడవ చల్లారుతుంది. చట్టం చిక్కు మీనుంచి జరిగి మీవారి మీద, కమిటీ మీద పడుతుంది. ఆ డబ్బుతో లేచిన గోడను మీరు రోజూ చూస్తారు. మీ ఉత్తరంలోని చేతిరాత చూశాక, అది మీకు తేలిక కాదనిపిస్తున్నది.

కమిటీ సమావేశంలో ప్రధానోపాధ్యాయురాలిగా అభ్యంతరం రాతపూర్వకంగా నమోదు చేయించవచ్చు. డ్రా ఆగిపోతుంది. 297వ సెక్షను ఒక్కటి చదివినా ఆగిపోతుంది. కానీ ఊరు దాన్ని మీ మొండితనంగా చెప్పుకుంటుంది. గోడ ఇంకో రెండేళ్లు రాకపోతే, రోడ్డు మీద ఏదైనా జరిగితే, ఆ మాట మీ మీదికే వస్తుంది. కాబట్టి ఇది చేసేటట్లయితే చేతిలో ఇంకో దారి పట్టుకొని చేయండి.

ఆ ఇంకో దారి, అదే డబ్బును నేరుగా అడగడం. సమావేశానికి ముందే మీ మరిదికి మీరే ఫోను చేయండి, మీవారి చేత చేయించకండి. "నువ్వు చదివిన బడికి స్కూటర్ కొనిపెట్టే బదులు గోడ కొనిపెట్టగలవా, ఎంత కొనగలవు?" అని అడగండి. ఆయన రెండు లక్షలన్నా మంచిదే. మిగతాది అదే బడిలో చదివి హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో స్థిరపడినవాళ్లను పేరుపేరునా అడగాలి. కూలి ఇళ్లను డబ్బు అడగకండి. పునాది తవ్వడానికి ఒక రోజు రమ్మంటే వచ్చేవాళ్లు వస్తారు. ఒకటి మాత్రం చూసుకోండి. ఆయన ఇంకా భారత పౌరుడై, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకొని ఉంటే మాత్రం ఆయన కమిటీకి పంపే డబ్బు విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది, దానికి మండల అధికారి అనుమతి ఒక్కటే చాలదు. ఏదైనా సరే, పైసా కదలకముందే మండల విద్యాశాఖాధికారికి రాసి, అనుమతి తీసుకొని, కమిటీ ఖాతా ద్వారానే నడపండి.

ఈ దారిలో నష్టం లేకపోలేదు. ఆలస్యమవుతుంది. అడిగిన పదిమందిలో నలుగురు ఫోను ఎత్తరు. ఆరు లక్షలు పోగుకాక ముందు ప్రహరీ మాత్రమే కట్టి గదిని ఆపవలసి రావచ్చు. నన్నడిగితే ప్రహరీయే ముందు. అర్జీలు కూడా ఆపకండి. బడికి గోడ కట్టవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఫ్లోరిడా సంగతి ఇందాక చెప్పింది ఇందుకే. ఊరు కట్టుకుంటుందిలే అని తెలిస్తే మీ అర్జీ కట్టలో అడుగుకు పోతుంది.

టికెట్టు కొననిదే జనం రూపాయి తీయరని మీవారు అన్నట్లు రాశారు. మన జిల్లా మనిషి ఆ మాట అంటే ఒప్పుకోలేను. 2022దాకా మన జిల్లాలోనే ఉన్న తిరుపతిలో 1945లో మొదలైన శ్రీ వేంకటేశ్వర ఆర్ట్స్ కళాశాల, 1952 నాటి పద్మావతి మహిళా కళాశాల నడుస్తున్నది దేవస్థానం సొమ్ముతో. 1954లో విశ్వవిద్యాలయం వచ్చినప్పుడూ దేవస్థానం చేయూత ఉంది. ఆ సొమ్ములో హుండీ రూపాయి ఉంది. హుండీలో వేసేవాడికీ ఆశ ఉంటుంది, కాదనను. కానీ వేసిన రూపాయి తనది కాదని తెలిసే వేస్తాడు. ఇంటికి వెళ్లి నెంబరు చూసుకోడు, "తగలలేదు" అని వెనుక రాసుకోడు.

మీ నాన్నగారి విషయం ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది అన్నిటికంటే కష్టమైన ముడి. ఈ డ్రా ఆపడానికి చెప్పనవసరం లేదు, పై లెక్క చాలు. ఊరి సమావేశంలో అయితే అసలే వద్దు. ఆయన గౌరవం అక్కడ పంచాయతీకి పెట్టే వస్తువు కాదు. మీవారికి చెప్పడం వేరు. చెప్పకపోతే ఆయనకు మీరు తమ్ముడి మీద పంతం పట్టిన మనిషిగానే మిగిలిపోతారు. చెబితే ఇన్నేళ్లు దాచావా అని ఒక రోజు మాట్లాడకపోవచ్చు. మీ అమ్మగారు ఉన్నారు కాబట్టి ముందు ఆమెను అడగండి. కొత్త కోడలి కాపురానికి భయపడి తీసుకున్న మాట అది. ఆ భయం ఇప్పుడు లేకపోతే, మాట వెనక్కి ఇవ్వగలిగింది ఆమె ఒక్కతే. ఆమె సరే అంటే మీవారి చేతిలో ఒక కట్ట పెట్టండి. ఆ నీలం సిరా అక్షరాలు ఆయనను చదువుకోనివ్వండి. కాణిపాకంలో చేసిన ప్రమాణం చివరిదాకా నిలబెట్టుకున్న మనిషి అని కూడా చెప్పండి.

మీరు ఏ దారి పట్టినా, అమ్ముడైన 46 టికెట్ల డబ్బు, 9,200 రూపాయలు, ఈ వారంలోనే వెనక్కి ఇప్పించండి. ఎవరు కొన్నారో పుస్తకాల్లో మిగిలిన కౌంటర్‌ఫాయిళ్ల మీద రాసి ఉంటుంది. ఇది చేస్తే మిగతా మాటలు తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, తొందర పెట్టేది ఏమీ మిగలదు. ఆ పాప ఇంటికి మాత్రం మీరే వెళ్లండి, సాయంత్రం, వాళ్లమ్మ తోటనుంచి వచ్చాక. 400 చేతికిచ్చి, బండి ఎవరికీ రావడం లేదు, గోడ వేరే విధంగా కడుతున్నామని పాప వింటుండగా చెప్పండి.